ఏ మందుకు లొంగుతుంది?

జ్వరం వచ్చిన ఇంటికి పలకరించబోయినవాళ్ళు ముందుగా అడిగే మాట “ఏం మందు వాడుతున్నారు?” అని. “ఏ క్రిమి వల్ల వచ్చిందట?” అని అడిగేవాళ్ళు అరుదు. ఇందులో వింతేమీ లేదు. క్రిమి కంటికి ఆనదు. మందుబిళ్ళలు మాత్రం వెండిరేకులో మెరుస్తూ ఎదుట బల్లమీదే ఉంటాయి. కాని రెండో ప్రశ్నకు జవాబు తెలియకుండా మొదటి ప్రశ్నకు చెప్పే జవాబు చాలాసార్లు ఊహ మాత్రమే. ఆ ఊహ ఫలిస్తే సరే. ఫలించకపోతే పోయేది మందుల ఖర్చు ఒక్కటే కాదు, రోజులు పోతాయి. టైఫాయిడు వంటి జ్వరంలో రోజులు పోవడం సామాన్యమైన సంగతి కాదు. మూడోవారంలో పేగుకు చిల్లిపడే ప్రమాదం ఉన్న జబ్బు అది.

కడప జిల్లాలోని కమలాపురాన్నే తీసుకుందాం. పాపాఘ్ని ఒడ్డున, ముంబయి-చెన్నై రైలుమార్గం మీద ఉన్న ఊరు. ఎర్రగుంట్ల నుంచి కడపకు పోయేవాళ్ళకు దారిలో తగులుతుంది. అటువంటి ఊళ్ళో ఒక ఇల్లు ఊహించుకోండి. ఏడేళ్ళ పిల్లవాడికి జ్వరం. మొదటి రెండు రోజులూ పారాసెటమాల్‌తో గడిచాయి. మూడోనాడు తండ్రి మందుల షాపుకు వెళ్ళి, “పిల్లోడికి జరం తగ్గలే, ఏదన్నా కొంచెం గట్టి మందియ్యి అన్నా” అన్నాడు. అన్న గట్టి మందే ఇచ్చాడు. రెండు పూటలు వేశారు. ఒళ్ళు కాస్త చల్లబడింది, మాత్రలు ఆపేశారు. ఐదోనాటికి జ్వరం మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు డాక్టరు దగ్గరికి ప్రయాణం కట్టారు.

డాక్టరు నాలుక చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, “రక్తం కల్చరుకు పంపుదాం” అన్నాడు. సూదిగొట్టంలోకి రక్తం నిండుతుంటే పక్కనున్న అవ్వకు ప్రాణం ఒప్పలేదు.

“ఏమయ్యా డాక్టరూ, అంత రక్తం లాగుతాండావు! బిడ్డ ముందే ఎండిపోయినాడు.”

“రక్తంలో ఆ పురుగులు శానా తక్కువుంటాయి అవ్వా. నాలుగు చుక్కలు తీస్తే అందులో ఒక్కటీ దొరక్కపోవచ్చు.”

డాక్టరు మాట అక్షరాలా నిజం. టైఫాయిడు రోగి రక్తంలో మిల్లీలీటరుకు ఒక క్రిమి ఉంటే ఎక్కువ. చాలామందిలో అంత కూడా ఉండదు. అందుకే చిన్నపిల్లలకైతే నాలుగైదు మిల్లీలీటర్లు, పెద్దవాళ్ళకైతే ఒక్కో సీసాకు ఎనిమిదీ పది మిల్లీలీటర్లు తీస్తారు. అంత తీసినా, నిజంగా టైఫాయిడు ఉన్నవారిలో సుమారు నూటికి అరవైమంది రక్తంలోనే క్రిమి పట్టుబడుతుంది. ఇక ముందే రెండు పూటలు మాత్రలు వేసి ఉంటే? ఉన్న కాసిని క్రిములూ సగం చచ్చి, సగం మూర్ఛపోయి, సీసాలో పెరగడం మానుకుంటాయి. జబ్బు కుదరదు, దొంగ దొరకడు. డాక్టరు “ఇంతకుముందు ఏం మాత్రలిచ్చారు? రేకు ఉందా?” అని గుచ్చిగుచ్చి అడగడం ఇందుకే. ఆ రేకు పారెయ్యకుండా తెచ్చిన తండ్రి సగం పరీక్ష తానే చేసిపెట్టినట్టు.

ఏ క్రిమో తెలియకుండానే ‘గట్టి మందు’ అడిగే అలవాటు మనకెలా వచ్చింది? దీనికో చరిత్ర ఉంది. అందులో మన తెలుగువాడూ ఉన్నాడు.

పెనిసిలిన్ వచ్చిన కొత్తలో అది కొన్ని జాతుల క్రిముల మీదే పనిచేసేది. టైఫాయిడును అది తాకనైనా తాకేది కాదు. కాబట్టి పెనిసిలిన్ వాడే వైద్యుడు రోగానికి కారణం ఏ జాతో ఆలోచించక తప్పేది కాదు. 1948లో ఈ పరిస్థితి మారింది. భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు అప్పటికి లెడర్లీ కంపెనీలో పరిశోధనశాఖకు అధిపతి. ఆయన ఆధ్వర్యాన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు, డెబ్బై ఏళ్ళు పైబడిన వృద్ధుడు, మట్టి నమూనాలను జల్లెడపట్టి, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టి నుంచి బంగారు వన్నె సూక్ష్మజీవి ఒకటి పట్టుకున్నాడు. దాని నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. 1948లో అది లోకానికి వెల్లడైంది. అదే యేడు ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందు విశేషం ఒక్కటే: ఇది ఒక జాతికి కాదు, ఎన్నో జాతుల క్రిములకు మృత్యువు.

సరిగ్గా అదే సంవత్సరం మలయాలో క్లోరాంఫెనికాల్ అనే మరో మందును పదిమంది టైఫాయిడు రోగులకు ఇచ్చి చూశారు. అంతవరకు మూడు నాలుగు వారాలు కాల్చుకుతిని, నూటికి పది నుంచి ఇరవైమందిని పొట్టన పెట్టుకునే జ్వరం రోజుల్లో దిగిపోయింది. ఇక చెప్పాలా! ఒకే మాత్ర ఇన్ని రోగాలకు పనిచేస్తుంటే క్రిమి పేరుతో పనేమిటన్న ధీమా అప్పుడు ఏర్పడింది. మందులు గొప్పవే, ధీమాయే చెడ్డది.

1972లో కేరళలోని కాలికట్టులో క్లోరాంఫెనికాల్‌కు లొంగని టైఫాయిడు బయటపడింది. అదే యేడు మెక్సికోలోనూ పెద్దయెత్తున వ్యాపించింది. క్రిములకు ఒక దుర్గుణముంది. మందును ఎదిరించే విద్య ఒకటి నేర్చినది, ఆ విద్యను చిన్న వలయంలాంటి పోగులో చుట్టి పక్కదానికి అందిస్తుంది. పక్కది తన జాతిదే కానక్కరలేదు. 1980, 90 దశకాలు వచ్చేసరికి టైఫాయిడు పాత మందులు మూడింటికీ ఒక్కసారే ఎదురు తిరిగింది. వైద్యులు సిప్రోఫ్లాక్ససిన్ చేతబట్టారు. ఇవాళ మన దేశంలో టైఫాయిడు క్రిముల్లో అత్యధిక భాగం ఆ సిప్రోఫ్లాక్ససిన్‌నూ ఖాతరు చేయడం లేదు.

సిప్రోఫ్లాక్ససిన్ పేరు వచ్చింది కనుక ఒక ముక్క. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అందులో ఉన్నదట! ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అటువంటి నీటిలో బతకడం నేర్చిన క్రిమిని మన మాత్ర ఏం చేస్తుంది?

2016 చివర హైదరాబాదులో అంతకన్నా మొండి టైఫాయిడు తలెత్తింది. కంగారు పడకండి, మన హైదరాబాదు కాదు, పాకిస్తానులోని సింధు హైదరాబాదు. పాత మందులకూ, సిప్రోఫ్లాక్ససిన్‌కూ, ఆఖరికి సెఫ్‌ట్రియాక్సోన్ సూదిమందుకూ లొంగని రకం అది. నోటితో మింగే మందుల్లో దానికి దిక్కు అజిత్రోమైసిన్ ఒక్కటే అయింది.

ఇక మన పిల్లవాడి రక్తం ఏమైందో చూద్దాం.

సీసా ప్రయాణం

మండల ఆసుపత్రుల్లో కల్చరు చేసే ఏర్పాటు సాధారణంగా ఉండదు. సీసా కడపకో, ప్రొద్దుటూరుకో పోవాలి. కడపలో 2006లో మొదలై, జనం రిమ్స్ అని పిలుచుకునే ప్రభుత్వ వైద్యకళాశాల ఉంది. వైద్యకళాశాల అన్నాక సూక్ష్మజీవశాస్త్ర విభాగం ఉండి తీరాలి కదా. ఈ ప్రయాణంలో ఇంటివాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కల్చరు రక్తం సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చల్లదనానికి లోపలి క్రిములు ముడుచుకుపోతాయి. మూత్రం సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. మూత్రాన్ని రెండు గంటలలోపు అందించాలి, లేదా చల్లగా ఉంచాలి. వెచ్చని చోట పేగుక్రిమి ఇరవై నిమిషాలకొకసారి రెండింతలు కాగలదు. కడప జిల్లా మే నెల ఎండలో, బస్సు కిటికీ పక్కన సంచీలో మూడు గంటలు కూర్చున్న సీసాలో వంద క్రిములు వేలకు వేలవుతాయి. మిల్లీలీటరుకు లక్ష దాటితే మూత్రనాళంలో నిజంగా రోగమున్నట్టని 1956లో ఎడ్వర్డ్ కాస్ చెప్పిన లెక్కను ఇప్పటికీ చూస్తారు. బస్సులో పెరిగిన లక్షను చూసి లేని రోగానికి మందు వేస్తే ఎవరిది తప్పు? ఎండది!

సీసాలో క్రిములకు కావలసిన ఆహారమంతా పులుసులా కలిపి ఉంటుంది. ఒంటి వేడిలో దాన్ని ఉంచితే, రక్తంలోని ఒకటీ అరా క్రిమి పిల్లాజెల్లా పెట్టుకొని కోట్లవుతుంది. పెద్ద ప్రయోగశాలల్లో సీసాలను యంత్రంలో పెడతారు. క్రిములు విడిచే బొగ్గుపులుసు వాయువును కనిపెట్టి యంత్రమే గంట కొడుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. “మూడు రోజులా?” అని విసుక్కునేవాళ్ళు గుర్తుంచుకోవలసింది, ఆ మూడు రోజులూ ఆలస్యం ల్యాబు చేస్తున్నది కాదు, క్రిమి పెరగడానికి తీసుకుంటున్నది.

గంట మోగగానే ఒక చుక్కను గాజుపలక మీద పరిచి రంగులు వేస్తారు. 1884లో డెన్మార్కు వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ బెర్లినులో కనిపెట్టిన పద్ధతి ఇది. ఊదారంగు వేసి, అయొడినుతో బిగించి, స్పిరిటుతో కడిగి, ఎర్రరంగు వేస్తే కొన్ని క్రిములు ఊదాగానే మిగులుతాయి, కొన్ని గులాబీరంగు తేలుతాయి. లోకంలోని బాక్టీరియాలో చాలాభాగం ఈ రెండు శిబిరాల్లో ఏదో ఒకదానిలో చేరిపోతుంది. మన పిల్లవాడి చుక్కలో గులాబీరంగు కడ్డీలు కనిపించాయనుకోండి. ఆ క్షణాన ల్యాబు నుంచి డాక్టరుకు ఫోను పోతుంది. పేరు తెలియకపోయినా, వంశం తెలిసింది.

తరువాత ఆ పులుసును అగరు పళ్ళెంలో గీస్తారు. అగరు అంటే మరేమీ కాదు, మన ఇళ్ళల్లో పుడ్డింగులకు వాడే చైనాగ్రాస్ అనే సముద్రపు పాచి. దీన్ని ప్రయోగశాలకు తెచ్చిన ఘనత ఒక ఇల్లాలిది. రాబర్ట్ కోఖ్ దగ్గర పనిచేస్తున్న వాల్టర్ హెస్, జెలటిను పళ్ళాలు ఎండాకాలం కరిగి నీరైపోతున్నాయని తలపట్టుకుంటే, ఆయన భార్య ఫానీ తన వంటింటి జెల్లీలు ఎండాకాలంలోనూ కరగని రహస్యం చెప్పింది. జావాలో ఉండివచ్చిన పొరుగువాళ్ళ దగ్గర తాను నేర్చుకున్న చిట్కా అది. 1881 నాటి మాట. ఆమె పేరు మీద ఏ పళ్ళెమూ లేదు. పళ్ళేనికి పేరు 1887లో మూత కనిపెట్టిన పెట్రి గారికి దక్కింది.

మాకాంకీ అనే రకం అగరు మీద మామూలు పేగుక్రిమి గులాబీరంగు చుక్కలుగా పెరుగుతుంది. టైఫాయిడు క్రిమి పాలలోని చక్కెరను తినలేదు కనుక రంగులేని చుక్కలుగా మిగులుతుంది. దాన్ని తీసి మూడు చక్కెరలు, ఇనుము కలిపిన గొట్టంలో గుచ్చితే అడుగు పసుపుపచ్చ, పైభాగం ఎరుపు, గుచ్చినచోట సన్నని మీసకట్టులాంటి నల్లగీత! ఈ మీసకట్టును చూసి సాల్మొనెల్లా టైఫిని అనుమానించడం ల్యాబులోని వాళ్ళకు పరిపాటి. ఆ తరువాత సీరంతో కలిపి, గుంపుకడుతోందో లేదో చూసి ధ్రువపరుస్తారు. ఇప్పుడు పెద్దచోట్ల మాల్డీ-టాఫ్ అనే యంత్రం క్రిమి మాంసకృత్తుల బరువులు తూచి నిమిషాల్లో పేరు చెబుతోంది. అయితే పేరు చెప్పినంత మాత్రాన ఏ మందుకు లొంగుతుందో అది చెప్పలేదు. దానికి మళ్ళీ క్రిమిని పెంచాల్సిందే.

మన ఊళ్ళలో “రక్తపరీక్షలో టైఫాయిడని వచ్చింది” అంటే దాదాపు ఎప్పుడూ అది విడాల్ పరీక్ష. 1896 నాటిది. అది క్రిమిని చూడదు. క్రిమి మీదికి మన రక్తం తయారుచేసిన ఆయుధాలను చూస్తుంది. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడుకు, వేయించుకున్న టీకాకు, ఒక్కొక్కప్పుడు వేరే జ్వరానికి కూడా ఆ ఆయుధాలు కనిపించవచ్చు. గంటలో తెలుస్తుంది, చవక, కాబట్టి దానికంత గిరాకీ. ఏ మందు వెయ్యాలన్నది మాత్రం అది ఏనాడూ చెప్పదు.

బిళ్ళల చుట్టూ వలయాలు

అసలు పరీక్ష ఇది. క్రిములను ఉప్పునీటిలో కలిపి, ఇంత మబ్బుగా ఉండాలన్న కొలతకు సరిపోల్చుతారు. గొట్టం వెనుక నల్లగీతలున్న తెల్లకార్డు పట్టుకొని, గీతలు ఎంత మసకగా కనిపిస్తున్నాయో చూస్తారు. మిల్లీలీటరుకు సుమారు పదిహేను కోట్ల క్రిములున్నప్పటి మసక అది. దాన్ని నాలుగు మిల్లీమీటర్ల మందం పోసిన అగరు మీద, ఇంటి ముంగిట కళ్ళాపి చల్లినట్టు, సందు లేకుండా అలుకుతారు. ఆపైన ఆరు మిల్లీమీటర్ల కాగితపు బిళ్ళలు పేరుస్తారు. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు. ఒక రాత్రి 35 డిగ్రీల వేడిలో ఉంచి, తెల్లారి చూస్తే పళ్ళెమంతా తెల్లని పొర. పనిచేసిన మందు బిళ్ళ చుట్టూ క్రిమి పెరగని గుండ్రని ఖాళీ. పనిచేయని బిళ్ళ దాకా పొర వచ్చి ఆనుకుంటుంది.

ఈ పద్ధతికి లోకమంతటికీ ఒకే ప్రమాణం ఏర్పరచినవారు సియాటిల్ నగరంలోని బాయర్, కర్బీ, షెరిస్, టర్క్. వారి వ్యాసం 1966లో వెలువడింది. అంతకుముందు ఏ ల్యాబు లెక్క ఆ ల్యాబుదే. ఇవాళ్టికీ ఆ తూకం చెడకుండా, గుణం ముందే తెలిసిన క్రిమిని ల్యాబులో పెంచుకొంటూ, దానితో బిళ్ళలను సరిచూసుకుంటారు. బంగారం అంగడిలో తూకపురాళ్ళ వంటిదన్నమాట. ప్రొద్దుటూరువారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే చదువుకున్నవాళ్ళు కూడా పొరబడుతుంటారు. రిపోర్టులో ఖాళీ వలయం కొలత చూసి, పెద్ద వలయమున్న మందే పెద్ద మందనుకుంటారు. కాదు. ఒక్కో మందు అగరులో ఒక్కో వేగంతో పాకుతుంది. టైఫాయిడు క్రిమి మీద అజిత్రోమైసిన్ వలయం 14 మిల్లీమీటర్లుంటే ఆ మందు పనిచేస్తుందని లెక్క. 13 వచ్చినా చాలు. సెఫ్‌ట్రియాక్సోన్ వలయం 18 ఉంటే పనిచేయదని లెక్క, 23 రావాలి. పద్దెనిమిది పద్నాలుగు కంటే పెద్దదే, అయినా ఓడిపోయింది! అందుకే కొలతలు వదిలి, పక్కనుండే అక్షరం చూడాలి. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు, ఐ అంటే మధ్యరకం.

మరో చిత్రం. జెంటామైసిన్ వంటి కొన్ని మందులు పళ్ళెంలో టైఫాయిడు క్రిమిని చక్కగా చంపుతాయి, మనిషిలో చంపలేవు. ఆ క్రిమి మన కణాల లోపల దూరి దాక్కుంటుంది. మందు గుమ్మం దాటి లోపలికి పోలేదు. కాబట్టి జ్ఞానమున్న ల్యాబు అటువంటి మందుల ఫలితం రిపోర్టులో రాయనే రాయదు. ఎక్కువ పేర్లున్న రిపోర్టు మంచి రిపోర్టని అనుకోకండి.

మరి ఈ నాలుగు రోజులూ పిల్లవాడిని మందులేకుండా పడుకోబెట్టారా? లేదు. రక్తం సీసాలోకి పోయిన మరుక్షణం డాక్టరు మందు మొదలుపెట్టాడు. ఫలితం వచ్చాక కావాలంటే మారుస్తాడు. ఫలితంలో సిప్రోఫ్లాక్ససిన్‌కు ఆర్, సెఫ్‌ట్రియాక్సోన్‌కు ఎస్, అజిత్రోమైసిన్‌కు ఎస్ ఉండవచ్చు. క్లోరాంఫెనికాల్‌కు కూడా ఎస్ ఉంటే ఆశ్చర్యపోకండి. ఏళ్ళ తరబడి ఎవరూ వాడకపోవడంతో, మన దేశంలో ఆ పాత మందుకు టైఫాయిడు మళ్ళీ చాలావరకు లొంగుతోంది. సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు. మూడోనాడు ఒళ్ళు వెచ్చగా ఉందని అవ్వ వేరే డాక్టరును వెతకబోతే, చేతిలోని ఆ కాగితమే ఆమెను ఆపాలి.

మొదటిరోజు మందును డాక్టరు ఏ ఆధారంతో ఎంచాడన్నది మిగిలిన ప్రశ్న. ప్రతి పెద్ద ల్యాబూ ఏడాది పొడుగునా తనకు దొరికిన క్రిములన్నిటినీ లెక్కవేసి, ఏ జాతి ఏ మందుకు నూటికి ఎంత లొంగుతోందో ఒక పట్టిక తయారుచేయాలి. ఒక జాతి గురించి మాట చెప్పాలంటే కనీసం 30 మంది రోగుల నుంచి ఆ క్రిమి దొరికి ఉండాలని నియమం. ఒకే రోగి నుంచి పదిసార్లు దొరికినా ఒకటిగానే లెక్క. కమలాపురం నుంచీ, ఎర్రగుంట్ల నుంచీ సీసాలు రాకపోతే కడప పట్టికలో ఉండేవి కడప ఆసుపత్రి వార్డుల్లోని క్రిములే. వార్డుల్లోని క్రిములు ఎన్నో మందులు చూసి రాటుదేలినవి. ఊళ్ళోవి సాధారణంగా అంత మొండివి కావు. ఆ పట్టిక చూసి మందు రాస్తే ఊరి పిల్లవాడికి అవసరానికి మించిన మందు పడుతుంది. మన పిల్లవాడి సీసాలో క్రిమి దొరికింది కాబట్టి ఈ యేటి లెక్కలో అది ఒకటి. ఇంకా ఇరవైతొమ్మిది కావాలి.